ఇంటికి వచ్చిన బడి: తొలినాటి స్త్రీల పత్రికలు

చదువురాని వారికొరకు పత్రిక నడుపుట యేమి బుద్ధి యని ఎవరైనను అడుగవచ్చును. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మన దేశమున స్త్రీల పత్రికలు పెట్టినవారు తెలిసియే ఈ సాహసమునకు పూనుకొనిరి. ఆనాటి జనాభా లెక్కలను పట్టి చూచినచో మద్రాసు రాజధానిలో చదువను వ్రాయను నేర్చిన స్త్రీలు నూటికొక్కరికి అటునిటుగా మాత్రమే యుండిరి. ఆ ఒక్కరిలోను పత్రికకు చందా కట్టగల స్వాతంత్ర్యము ఎందరికి ఉండునో ఊహించుకొనవచ్చును. అయినను పత్రికలు పుట్టినవి. ఒకటి ఆగిపోయినచో మరియొకటి తలయెత్తినది. ఈ పట్టుదలకు కారణమేమి?

కారణము ఆనాటి బాలికల బడిలోనే కలదు. బడి పెట్టుట ఒక యెత్తు, బడికి పిల్లను రప్పించుట మరియొక యెత్తు. రప్పించిన పిల్లను నిలుపుకొనుట ఈ రెంటికంటెను కష్టము. అక్షరములు దిద్ది, గుణింతములు ముగించి, నాలుగు నీతికథలు కూడబలుకుకొని చదువగలుగు వేళకు పిల్లకు పెండ్లి కుదిరెడిది. 1891లో సమ్మతి వయస్సును పదియేండ్లనుండి పండ్రెండేండ్లకు పెంచుటకే దేశమంతట ఎంత గగ్గోలు పుట్టినదో చరిత్ర చదివినవారు ఎరుగుదురు. పండ్రెండేండ్లు నిండువరకు ఆగుడని శాసనము చేయుటయే ఘోరమని తోచిన కాలమున బాలిక బడిలో ఎంతకాలము కూర్చుండగలదు? అత్తవారింటికి పోయిన పిమ్మట పలకయు బలపమును మూలబడును. నేర్చిన నాలుగు ముక్కలు కూడ రెండేండ్లలో మరపునకు వచ్చును. ఇది ఉపాధ్యాయులకు చెప్పవలసిన పని లేదు. వాడుకలో లేని చదువు ఎంత త్వరగా తుడుచుకొనిపోవునో వారికి అనుభవమే.

కావున పిల్ల బడికి పోలేనప్పుడు బడియే పిల్ల యింటికి పోవలెను. పత్రికకు గల గుణమిదియే. అది గుమ్మములోనికి వచ్చును, ఘోషా దాటనక్కరలేదు, పురుషోపాధ్యాయుని ఎదుట కూర్చుండవలసిన పని లేదు. నెలకొకమారు వచ్చును గనుక, మరచిపోవుటకు నడుమ ఎక్కువ వ్యవధి ఇయ్యదు.

ఈ ఆలోచన మొదట మన ప్రాంతమున పుట్టినది కాదు. బొంబాయిలో పార్సీ సంస్కర్తలు 1857లోనే గుజరాతీ భాషలో ‘స్త్రీబోధ్’ అను మాసపత్రికను స్థాపించిరి. కలకత్తాలో 1863లో ఉమేశచంద్ర దత్తు మొదలైన బ్రాహ్మసామాజికులు ‘వామాబోధినీ పత్రిక’ను ప్రారంభించిరి. కాశీలో భారతేందు హరిశ్చంద్రుడు 1874లో ‘బాలాబోధిని’ని వెలువరించెను. వీనిలో వామాబోధిని ప్రత్యేకముగా పేర్కొనదగినది. అది కేవలము కథలతోను ఉపదేశములతోను తృప్తిపడలేదు. భూగోళము, ప్రకృతిశాస్త్రము, ఆరోగ్యము, గృహనిర్వహణము మొదలైన విషయములను వరుసగా ప్రకటించుచు, అంతఃపురమందే యుండి చదువుకొనువారికి పాఠ్యక్రమమును ఏర్పరచి, పరీక్షలకు ఏర్పాటు కూడ చేసినది. నేడు దూరవిద్య యని మనము పిలుచుచున్న దానికి ఇది తొలిరూపములలో ఒకటి యనవచ్చును. పాఠకురాండ్రు వ్రాసి పంపిన రచనలకు ఆ పత్రికలో ప్రత్యేకస్థానము ఉండెడిది. ఆ పత్రిక 1922 వరకు జీవించినదనిన, నాటిన విత్తనము చవిటినేలను పడలేదని స్పష్టము.

తెలుగునాట స్త్రీవిద్య పత్రికలకు ఎక్కినది మొదట పాఠముగా కాదు, వివాదముగా. చెన్నపట్టణమున కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు 1871లో ‘ఆంధ్రభాషాసంజీవని’ని స్థాపించిరి. ఆయన మహాపండితుడు. పూర్వాచారములందు ఆయనకు గల పట్టు ఆ పాండిత్యమునకు తీసిపోయినది కాదు. సంజీవనిలో స్త్రీవిద్యను నిరసించుచు వ్రాతలు వెలువడెను. అప్పటికి పిన్నవయస్కుడైన కందుకూరి వీరేశలింగము పంతులుగారు మచిలీపట్టణమునుండి వెలువడుచుండిన ‘పురుషార్థప్రదాయిని’లో స్త్రీవిద్యను సమర్థించుచు ప్రత్యుత్తరములు వ్రాసిరి. తమకు విద్య కావలెనో వద్దో అను ఈ వాదమున ఏ స్త్రీకిని పాలు లేదు. ఆ మాటను ఇప్పటికి ఇట్లుంచుదము.

1874లో వీరేశలింగముగారు ధవళేశ్వరమున ప్రధానోపాధ్యాయులుగా ఉండిరి. ఆ యేడే అక్కడ బాలికల పాఠశాల పెట్టిరి. ఆ యేడే, అక్టోబరులో, ‘వివేకవర్ధని’ని ఆరంభించిరి. బడియు పత్రికయు ఒకే సంవత్సరమున ఒకే చేతిమీదుగా పుట్టుట కాకతాళీయము కాదని నా తలంపు. ఒకటి పిల్లలకు, ఒకటి వారి తండ్రులకు. తండ్రి మనస్సు మారనిదే పిల్ల బడిగడప త్రొక్కదని ఆ ఉపాధ్యాయునకు మొదటినెలలోనే తెలిసియుండును.

వివేకవర్ధని మొదటి ముద్రణ కథ వినదగినది. రాజమహేంద్రవర ప్రాంతమున అనుకూలమైన ముద్రాక్షరశాల లేనందున వ్రాతప్రతులను చెన్నపట్టణమునకు పంపి అచ్చువేయించుకొనవలసివచ్చినది. గోదావరిమీద రైలువంతెన 1900 వరకు లేదు. అట్టి కాలమున వ్రాతప్రతి అంతదూరము పోయి అచ్చుప్రతిగా తిరిగివచ్చుట సామాన్యమైన శ్రమ కాదు. అది పోయినది ఎవరి ముద్రాక్షరశాలకు? కొక్కొండవారి సంజీవనీ ముద్రాక్షరశాలకే! స్త్రీవిద్య కూడదన్నవారి యచ్చులోనే స్త్రీవిద్య కావలెనను పత్రిక అచ్చయినది. ఆనాటి పెద్దలకు వాదము వేరు, వ్యవహారము వేరు. పిమ్మట వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున సొంత ముద్రణకు ఏర్పాటు చేసికొనిరి.

వాదము మాత్రము చల్లారలేదు, పైగా పరిహాసమునకు దిగినది. కొక్కొండవారు తమ హాస్యపత్రికకు ‘హాస్యవర్ధని’ యని పేరు పెట్టిరి. వీరేశలింగముగారు తమ దానికి ‘హాస్యసంజీవని’ యని పేరు పెట్టిరి. ఎవరిది వర్ధని, ఎవరిది సంజీవని? ఒకరి పేరు నొకరు లాగికొని వెక్కిరించుకొనుటలోని చమత్కారము విద్యార్థులకు విప్పి చెప్పదగినది. ఈ హాస్యసంజీవనిలోనే వీరేశలింగముగారి ‘బ్రాహ్మవివాహము’ అను ప్రహసనము 1876లో వెలువడెను. ముసలివానికి చిన్నపిల్లనిచ్చి పెండ్లిచేయు దురాచారముపై వ్రాసినది. అందలి పాత్రలు ఇంటిలో మాటలాడుకొను తెలుగే మాటలాడును. చదువురాని వారు కూడ విని నవ్వుకొనగల రచన అది. పత్రిక అక్షరాస్యులను దాటి చెవులను చేరుటకు ఇది దారి చేసినది.

భాష విషయమున ఇంకొక ముచ్చట చెప్పవలెను. ఈ వీరేశలింగముగారే తొలిప్రాయమున ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము’ రచించిరి. అచ్చతెనుగున, పెదవులు తగులని అక్షరములతోనే, ఒక్క వచనమైనను లేకుండ, నలచరిత్రమును పద్యములలో చెప్పుట! ఇంతటి గారడీ చేయగల చేయి, పత్రికలోనికి వచ్చుసరికి పదిమందికి అర్థమగు వచనమునకు దిగివచ్చినది. దిగివచ్చినది అంటిని గాని, నిజమునకు అది ఎక్కుటయే. పండితుని మెప్పించు పద్యమునకు ఒక్క పండితుడు చాలును. పదేండ్లకే చదువు మానిన గృహిణికి విసుగుపుట్టింపని వాక్యము వ్రాయుటకు రచయిత తన పాండిత్యమును ఎంతో మరచిపోవలెను. తెలుగు వచనము సులభమగుటకు చెప్పుకొను కారణములలో స్త్రీపాఠకులను మనము తరచుగా మరచిపోవుచున్నాము.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిగినది. పురోహితులు, వంటవారు, నీళ్లవారు కూడ వెలివేసిన ఆ దినములలో వీరేశలింగముగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే వంట చేసి, నీరు మోసి, పని నడిపించిరి. సంస్కరణమునకు ఇంటి ఇల్లాలి తోడు లేనిచో సభలలోని తీర్మానములు గుమ్మమువద్దనే ఆగిపోవునని ఆ సందర్భమున పంతులుగారు కన్నులార చూచిరి. రెండేండ్లకు, 1883లో, ‘సతీహితబోధిని’ వెలసినది. తెలుగున కేవలము స్త్రీలకొరకు వెలువడిన మొదటి పత్రికగా దానికి పేరు.

ఆ పేరులోనే ఆ పత్రిక తత్త్వమంతయు కలదు. సతి అనిన స్త్రీ యనుట మాత్రమే కాదు, సాధ్వియైన భార్య యని కూడ. ఆమెకు హితమైనది బోధింతురు. ఏది హితమో నిర్ణయించువాడు బోధకుడే. ఆ సతి అడిగి తెలిసికొనుటకు ఈ పేరులో చోటు లేదు. వ్యాకరణమున మాత్రము ఒక వింత కలదు. పత్రిక స్త్రీలింగము గనుక వర్ధని, సంజీవని, ప్రదాయిని, బోధిని అని ఆనాటి పత్రికల పేరులన్నియు ఆడుపేరులే. ఆడుపేరు పెట్టుకొని మగవారు మాటలాడిరి. ఆ పేరులకు తగిన గొంతులు వచ్చుటకు ఇంకను ఇరువదియేండ్లు పట్టినది.

సతీహితబోధినిలో వెలువడిన రచనలలో ‘సత్యవతీచరిత్రము’ ముఖ్యమైనది. చదువుకొన్న స్త్రీవలన కుటుంబమునకు కలుగు మేలును చూపుటకు వ్రాసిన కథ అది. చదువుకొన్న కోడలు ఇంటిని చెడగొట్టును, మగనిని లెక్కచేయదు, ఉత్తరములు వ్రాసి అపకీర్తి తెచ్చును అని లోకము అనుచుండినది. ఆ మాటలకు వాదముతో కాక కథతో సమాధానము చెప్పిరి. ఉమ్మడికుటుంబమునందలి కలహములు, మూఢనమ్మకములు, పిల్లల పెంపకము, వైద్యము అను పేర జరుగు అనర్థములు, అన్నియు ఆనాటి పాఠకురాలికి తన ఇంటిలోనివే. హరిశ్చంద్రుని భార్య కథయైన ‘చంద్రమతీచరిత్రము’ కూడ ఈ కోవలోనిదే. వీనికి తోడు ఆయన స్త్రీలకొరకు ‘దేహారోగ్యధర్మబోధిని’ వంటి పుస్తకములు రచించి, శరీరము, ఆహారము, శుచి మొదలగు విషయములను తెలుపజూచిరి. ఇప్పటివారికి ఇవి సామాన్యముగా తోచును. ప్రసవమునకు చీకటిగదియు, జబ్బునకు సోదెయు తప్ప వేరు గతి లేని ఇండ్లలో, నీరు కాచి త్రాగుమను ఒక్క వాక్యము ఎంతటి చదువో ఆలోచించి చూడవలెను.

ఇక ఈ చదువు కొరతను కూడ చెప్పకతప్పదు. ఆ పత్రిక కోరినది మంచి భార్య, మంచి తల్లి. స్త్రీ తనకొరకు తాను చదువుకొనుట, చదువుకొని సంపాదించుకొనుట, బహిరంగముగా అభిప్రాయము చెప్పుట దాని లక్ష్యములు కావు. ఇది వీరేశలింగముగారి లోపమని కొందరు నేడు తేలికగా కొట్టివేయుదురు. నేను అంత దూరము పోను. పత్రికను ఇంటిలోనికి రానిచ్చువాడు భర్త. చందా కట్టువాడు అతడే. మొదట చదివి, ఇది ఆడువారికి ఇయ్యదగినదో కాదో తేల్చువాడును అతడే. ఆ ద్వారపాలకుని దాటుటకు పాతివ్రత్యము అను ముద్ర అవసరమయినది. అయితే ఆ ముద్ర వట్టి ఉపాయమే యని చెప్పుటయు సత్యము కాదు. సంస్కర్తలు దానిని మనస్ఫూర్తిగనే నమ్మిరి. రెండును నిజములే. పాఠము చెప్పునప్పుడు ఈ రెంటిలో ఒకటి విడిచి ఒకటి చెప్పుట వలననే మన విద్యార్థులకు వీరేశలింగముగారు అయితే దేవుడుగా, కాకున్న దోషిగా కనబడుచున్నారు.

చదువు నేర్పువాడు తాను నేర్పదలచినదానితోనే చదువరిని కట్టివేయలేడు. నీతికథ చదువుటకు నేర్చిన కన్ను వార్తను కూడ చదువును. పొట్లము కట్టిన కాగితమును సైతము చదువును. 1879లో అణాలో నాల్గవవంతుకు పోస్టుకార్డు వచ్చినది. పుట్టింటికి క్షేమసమాచారము తెలుపుటకు ఇంక ఎవరిచేతనో వ్రాయించుకొని, తన కష్టమును వ్రాయసగాని చెవిని వేయనక్కరలేదు. పత్రిక నేర్పిన అక్షరము కార్డుపై ఎన్ని ఇండ్లలో ఎన్ని కన్నీళ్లను మోసినదో ఏ చరిత్రకారుడు లెక్కపెట్టగలడు?

శతాబ్దపు చివరి దశకమున రాజమహేంద్రవరమునందే మల్లాది వేంకటరత్నముగారు ‘తెలుగు జనానా’ పత్రికను వెలువరించిరి. పిమ్మట దాని భారము వహించినవారు రాయసము వేంకటశివుడుగారు. జనానా అనునది పారసీకపదము, అంతఃపురమని అర్థము. సతీహితబోధిని పేరు స్త్రీ గుణమును చెప్పగా, ఇది స్త్రీ ఉన్న చోటును చెప్పినది. వేంకటశివుడుగారు వీరేశలింగముగారి శిష్యకోటిలోనివారు. ఉపాధ్యాయవృత్తిలో ఉండి, తీరికవేళల పత్రికాసేవ చేసిన ఆనాటి పలువురికి ఆయన మంచి ఉదాహరణము. స్త్రీల పత్రికలను నిలిపినవారిలో బడిపంతులు ఎక్కువ, ధనికులు తక్కువ. ఈ మాట నా సోదరోపాధ్యాయులకు కొంత గర్వకారణమగునని వ్రాయుచున్నాను.

ఇక ఈ కథలో మలుపు వచ్చినది 1902లో. ఏలూరునుండి సత్తిరాజు సీతారామయ్యగారు ‘హిందూసుందరి’ని ప్రారంభించిరి. ఆయన చేసిన మేలైన పని, స్త్రీల పత్రికకు స్త్రీలే సంపాదకులుగా ఉండవలెనని తలచుట. మోసలికంటి రమాబాయమ్మగారు, వెంపలి శాంతాబాయమ్మగారు ఆ బాధ్యత వహించిరి. తరువాతి కాలమున కాకినాడలో మాడభూషి చూడమ్మగారు, కల్లేపల్లె వేంకటరమణమ్మగారు ఆ పత్రికను నడిపిరి. ఒక సంవత్సరము ముందే, 1901లో, రాజమహేంద్రవరమున జన్మించిన కమలా సత్తినాథన్‌గారు చెన్నపట్టణమున స్త్రీలకొరకు ఆంగ్లమాసపత్రిక నొకదానిని ఆరంభించియుండిరి. అది ఆంగ్లము నేర్చిన కొద్దిమందికి. హిందూసుందరి తెలుగు కూడబలుకుకొను ఇల్లాండ్రకు.

ఆ పత్రిక పుటలలోనే బండారు అచ్చమాంబగారి కథలు వెలువడెను. 1874లో, అనగా వివేకవర్ధని పుట్టిన యేడే, ఆమె కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. బడిచదువు లేదు. చిన్ననాటనే వివాహము. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆ చదువును తానును పట్టుకొనిరి. భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలలో నివసించి, మరాఠీ హిందీ భాషలు నేర్చిరి. ‘అబలాసచ్చరిత్రరత్నమాల’ మొదటిభాగమును 1901లో ప్రకటించిరి. స్త్రీలు బలహీనులు, బుద్ధిలేనివారు, విద్యవలన చెడిపోవుదురు అను మాటలకు చరిత్రలోని స్త్రీల జీవితములతోనే బదులు చెప్పుట ఆ గ్రంథమునకు ఉద్దేశము. ముప్పదియేండ్లక్రిందట తమ గురించి తాము లేకుండ జరిగిన వాదములో పాల్గొనుటకు ఒక స్త్రీ ఆలస్యముగానైనను సాక్ష్యములతో వచ్చినది!

1902 నవంబరు హిందూసుందరిలో ఆమె ‘ధనత్రయోదశి’ వెలువడినది. పేదయింటి ఇల్లాలు, దొంగసొమ్ము ఇంటికి తెచ్చిన భర్తను దిద్దుకొను కథ. ఆమెదే ‘స్త్రీవిద్య’ అను మరియొక కథలో, చదువుకొమ్మని భర్తయు, ఎందులకని భార్యయు వాదించుకొందురు. గురజాడవారి ‘దిద్దుబాటు’ 1910లో వచ్చినది. తొలి తెలుగు కథానిక ఏది యను చర్చలో అచ్చమాంబగారి పేరు ఇటీవలి దశాబ్దములలో గట్టిగా వినబడుచున్నది. ఆ తగవు తీర్చుట నా పని కాదు గాని, ఒక సంగతి గమనింపుడు. ‘దిద్దుబాటు’ కథ నడచునది కమలిని వ్రాసిపెట్టిపోయిన ఉత్తరముమీద. ఆడుదానికి చదువు చెప్పించుటయే అనర్థమునకు మూలమని అందులోని నౌకరు గొణుగును. అది సంజీవని, వివేకవర్ధనుల నాటి పాతవాదమే. ముప్పదియేండ్లకు అది నవ్వులాటగా మారినది. కమలిని ఉత్తరము వ్రాయ నేర్చినది గనుకనే గురజాడవారికి కథ దొరికినది.

స్త్రీల చేతికి కలము వచ్చిన పిమ్మట వారు సంస్కర్తలు కోరినదే వ్రాసిరా? వ్రాయలేదు. కాకినాడనుండి 1904లో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు ‘సావిత్రి’ పత్రికను స్వయముగా స్థాపించి నడిపిరి. స్త్రీవిద్యకు ఆమె అనుకూలురు. వితంతువివాహమునకు మాత్రము ప్రతికూలురు. వీరేశలింగముగారి ఉద్యమమును ఆమె తన పత్రికలో ఎదిరించిరి. పంతులుగారి శిష్యురాండ్రైన కొటికలపూడి సీతమ్మగారివంటివారు మరియొక పక్షమున నిలిచిరి. ఆమె అభిప్రాయము నాకు సమ్మతము కాదు. బాలవితంతువుల బ్రతుకును ఎరిగిన వారెవరికిని అది సమ్మతము కాజాలదు. అయినను ఒక విదుషి తన పేరు పెట్టి, తన పత్రికలో, తెలుగునాట మహాపురుషుడని పేరుపొందిన వానితో విభేదించుట చిన్న సంగతి కాదు. హితము బోధించువారికి ఎదురుమాట చెప్పుటకు అవసరమైన చదువు అప్పటికి వచ్చినది.

ఈ పాతసంచికలను పరిశోధింపగోరు విద్యార్థులకు ఒక మాట. రచన క్రింద స్త్రీనామము ఉన్నంతమాత్రమున అది స్త్రీ రచనయే యని తొందరపడరాదు. స్త్రీల పేరున పురుషులు వ్రాయుట ఆ కాలమున లేకపోలేదు. విషయముకంటె వివరమును చూడుడు. సభలో ఉపన్యసించునట్లు సాగినచో సందేహింపుడు. పొయ్యి, పురుడు, వియ్యపురాలు, అప్పు, ఆడుబిడ్డ, ఇట్టివి ఊరకే దొరలినచోట ఆగి రెండవమారు చదువుడు.

అచ్చమాంబగారు 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున స్త్రీసమాజమును నెలకొల్పిరి. బృందావన స్త్రీసమాజమని దానిపేరు. పత్రికద్వారా విడివిడిగా ఇండ్లలో చదువుకొనినవారు ఒకచోట కూర్చుండుటకు అది ఆరంభము. రత్నమాల మూడు భాగములుగా రావలసియుండెను. రెండవభాగము ముగియకమునుపే, 1905 జనవరి 18వ తేదీన, ముప్పదియొకటవ యేట ఆమె మరణించిరి. మూడవభాగమున ఇతరదేశముల స్త్రీల చరిత్రములు వ్రాయవలెనని ఆమె సంకల్పము.